మెడపూసలు కలిపిన తరువాత మళ్ళీ చేయి తిమ్మిరి: కీహోల్ శస్త్రచికిత్స సరిపోతుందా?

ప్రశ్న:
మా నాన్నగారికి కొన్నేళ్ల క్రితం మెడలోని ఐదు, ఆరు పూసలను ముందువైపు నుంచి ప్లేటు, స్క్రూలతో కలిపారు. ఇప్పుడు ఎడమచేతి మధ్యవేలు తిమ్మిరెక్కుతోంది, మోచేతిని చాచడంలో బలం తగ్గింది. ఆరు, ఏడు పూసల నడుమ మెత్తగా ఉండే డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందని ఎం.ఆర్.ఐ.లో తేలింది. ఒక సర్జన్ గారు ఏడో పూసను కూడా కలపాలంటున్నారు, మరొకరు మెడ వెనుక చిన్న కోతతో చేసే కీహోల్ శస్త్రచికిత్స చాలంటున్నారు. దేన్నిబట్టి నిర్ణయించుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1:
కలిపిన పూసల దగ్గర కదలిక ఆగిపోవడంతో పక్క డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది, వయసుతో వచ్చే అరుగుదల దానికి తోడవుతుంది. 1999లో అమెరికా వెన్నెముక సర్జన్ హిలిబ్రాండ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో ఇలా పక్క డిస్కు వల్ల కొత్త బాధలు ఏటా సుమారు 2.9 శాతం మందిలో కనిపించాయి కాబట్టి, మొదటి ఆపరేషన్ చెడిపోయిందని అనుకోకండి. రెండో సర్జన్ గారు చెప్పినది బహుశా ఫొరామినాటమీ అయివుంటుంది. సుమారు 2 సెంటీమీటర్ల కోత పెట్టి, కండరాలను కోయకుండా గొట్టంతో పక్కకు జరిపి, నరం బయటికి వచ్చే దారిలో ఎముకను కొద్దిగా తొలుస్తారు. పాత మచ్చ జోలికి వెళ్ళనక్కరలేదు, ఇంకో పూసను కలపనక్కరలేదు. అయితే పూసల కీలులో సగానికి మించి తీసేస్తే మెడ నిలకడ దెబ్బతింటుంది. అసలు చూడవలసింది కోత ఎంత చిన్నదన్నది కాదండీ, డిస్కు ఎటు జరిగిందన్నది. పక్కకు జరిగి ఒక్క నరాన్నే నొక్కుతుంటే ఈ పద్ధతి సరిపోవచ్చు. మధ్యలో వెన్నుపామునే నొక్కుతున్నా, మెడ ముందుకు వంగిపోయినా, పూసలు జారుతున్నా ఇది పనికిరాదు.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తూ ఒకటి చేరుస్తాను. పాత పూసలు నిజంగా అతుక్కున్నాయో లేదో సి.టి. స్కాన్‌తోనూ, మెడను వంచి, చాచి తీసిన ఎక్స్‌రేలతోనూ ముందు నిర్ధారించమనండి, ఎందుకంటే అతుకు పడకపోతే పక్క నరాన్ని విడిపించినా మెడనొప్పి మిగిలిపోవచ్చు. నొప్పి, తిమ్మిరి మాత్రమే ఉన్నవారికి మందులతో, ఫిజియోథెరపీతో కొన్ని వారాల్లో చాలావరకు తగ్గుతుంది గానీ, మీ నాన్నగారికి బలం తగ్గిందంటున్నారు కాబట్టి ఆలస్యం చేయవద్దు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కష్టమైనా, నడక తూలినా, మూత్రం మీద అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

జవాబు 3:
మళ్ళీ ముందునుంచే చేయాలని నిర్ణయిస్తే, స్వరతంత్రులు రెండూ కదులుతున్నాయో లేదో ఈ.ఎన్.టి. వైద్యుల చేత ముందే పరీక్ష చేయించండి. మొదటిసారి ఒక వైపు స్వరనాడి (స్వరతంత్రిని కదిలించే నరం) దెబ్బతిన్నా గొంతు మామూలుగానే వినిపించవచ్చు. అది తెలియక ఈసారి రెండో వైపునుంచి వెళ్ళి ఆ నాడికీ దెబ్బ తగిలితే ఊపిరాడడమే కష్టమవుతుంది.