వైన్ సీసాకి పేపర్ చుట్టేస్తే 700 రూపాయలది ఏదో 4,000ది ఏదో ఎవరికైనా తెలుస్తుందా?

బల్లార్షా క్వార్టర్స్:
మొన్న శనివారం మా ఇంట్లో ఆరుగురం కూర్చున్నాం. మా చంద్రపూర్ జిల్లాలో 2015 నుంచి 2021 దాకా మద్యనిషేధం ఉండేది కదా, ఆ ముచ్చట్లు చెప్పుకుంటుంటే మాట వైన్ మీదికి మళ్లింది. మా బావమరిది దుబాయ్ నుంచి వస్తూ ఒక ఫ్రెంచ్ రెడ్ వైన్ తెచ్చాడు, మన లెక్కలో 4,000 అట. నేను నాసిక్‌వి నాలుగు సీసాలు కొన్నాను, ఏదీ వెయ్యి దాటదు. మా ఆవిడ వంటింట్లో అన్నిటికీ మరాఠీ పేపర్ చుట్టి ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు వేసింది. కిటుకేమిటంటే రెండో నంబరూ ఐదో నంబరూ ఒకే వైన్, 700 రూపాయలది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు, అందుకే నేను మార్కులు వేయలేదు.

బావమరిది రెండోదానికి పదికి 8 వేసి "ఇదే మనది, ఫ్రెంచ్ వాసన తెలిసిపోతోంది" అన్నాడు. ఐదోదానికి 3 వేసి మొహం చిట్లించాడు. అసలు ఫ్రెంచ్‌ది నాలుగో స్థానంలో పడింది. నా మాట ఒక్కటే, ఈ రుచులూ గిచ్చులూ అంతా బడాయి, ధర మొత్తం లేబుల్‌దే. కాదనేవాళ్లు చెప్పండి.

రాజురా బొగ్గుబాయి:
అన్నా, వందకు వంద కరెక్ట్. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ చదువు చదివే 54 మందికి తెల్ల వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, రెడ్ వైన్‌కి వాడే మాటలే రాశారట. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో జడ్జీలకే తెలియకుండా ఒకే సీసాలోది మూడుసార్లు పోసి చూస్తే, నిలకడగా మార్కులు వేసినవాళ్లు పదింట ఒకరు. చదువుకున్నవాళ్ల సంగతే అది, ఇక మీ బావమరిది ఎంత.

నాందేడ్ ఆడపడుచు:
పదేళ్లు హోటల్ లైన్‌లో పనిచేసినదాన్ని, ఒక మాట అడుగుతాను. గదిలో ఎంత వేడి ఉంది? గ్లాసులు ఎలాంటివి? మధ్యలో ఏం తిన్నారు? రెడ్ వైన్‌ని రూమ్ టెంపరేచర్‌లో తాగాలని ఎవరో చెప్పింది పట్టుకుని మనవాళ్లు అల్మారాలోంచి తీసి అలాగే పోసేస్తారు. ఆ రూమ్ యూరప్‌లోది అన్నా, 16 నుంచి 18 డిగ్రీలు. చంద్రపూర్ మే నెలలో ఎక్కడ దొరుకుతుంది ఆ గది? వైన్ వేడెక్కితే ముందు ఆల్కహాల్ ఆవిరే ముక్కుకి కొడుతుంది, పండు వాసన దాని వెనక దాక్కుంటుంది.

ఇంకోటి, ఆ బోర్డో ప్రయోగం చెప్పేది రంగు ముక్కుని మోసం చేస్తుందని. అన్ని వైన్లూ ఒకటేనని కాదు. ఈ రెండూ కలిపేయకండి.

బల్లార్షా క్వార్టర్స్:
అడిగావు కాబట్టి దాచకుండా చెప్తాను అక్కా. కూలర్ నడిచింది. గాజు గ్లాసులు నాలుగే ఉంటే మిగిలినవాళ్లకి స్టీలువి ఇచ్చాం. మూడో నంబర్ అయ్యాక సావజీ మటన్ వచ్చింది, నాగపూర్ పద్ధతిలో, చెవుల్లోంచి పొగ వచ్చేంత కారం. అంటే రెండోది మటన్‌కి ముందు, ఐదోది మటన్ తర్వాత.

అయినా నా మాట మారదు. ఒక ప్లేటు మటన్‌కి తలకిందులయ్యే రుచికి 4,000 ఎందుకు పెట్టాలి?

నాందేడ్ ఆడపడుచు:
హమ్మయ్య, దొరికింది దొంగ. కారంతో మండే నోటికి ఆల్కహాల్ ఇంకా మండుతుంది, వైన్‌లోని వగరు గరుకుగా తగులుతుంది. మీ బావమరిది తాగింది ఒకే వైన్, కానీ తాగిన నోరు రెండు. ధర విషయంలో మాత్రం మీతో నాకు పేచీ లేదు. 1976లో పారిస్‌లో ఫ్రెంచ్ జడ్జీలే లేబుల్ చూడకుండా మార్కులేస్తే ఎరుపులోనూ తెలుపులోనూ కాలిఫోర్నియా వైన్లే మొదట వచ్చాయి. పేరు ఒకటి, రుచి ఒకటి అని అప్పుడే తేలింది.

సిరోంచ రేవు:
మాది గడ్చిరోలి, 1993 నుంచి నిషేధం, కాబట్టి వైన్ గురించి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ మా తాత ఇప్పపూలు పిడికెడు తీసి వాసన చూసి, బాగా ఎండినవా, వాన తగిలినవా చెప్పేసేవాడు. చూపు మందగించాక కూడా. ధర అడిగితే మాత్రం సంతకి పొమ్మనేవాడు. తేడా పట్టడం వేరు, రేటు చెప్పడం వేరు కదా. మీరు బావమరిదిని రేటు అడిగి, తేడా తెలియదని తీర్పిచ్చారు.

నాందేడ్ ఆడపడుచు:
సిరోంచ తమ్ముడు పాయింటు పట్టాడు. మార్కులు వద్దు, ధరలు వద్దు. ఒక్కొక్కరికి మూడు గ్లాసులు ఇవ్వండి, రెండింట్లో ఒకటే వైన్, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టుకోవాలి, అంతే. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది, అందుకే వరస మార్చి రెండుసార్లు చేయండి. అప్పుడు అదృష్టం తొమ్మిదింట ఒకటికి తగ్గుతుంది. పోసేవాళ్లు వంటింట్లోనే ఉండాలి. పేపర్ చుట్టినంత మాత్రాన చాలదు, మెడ చూస్తే కార్కుదో తిప్పే మూతదో తెలిసిపోతుంది.

పేపర్ చుట్టిన సీసా:
ఆ బావమరిదిని నేనే. బావా, నా పరువు ఇంటర్‌నెట్‌లో పెట్టేముందు ఒక మాట అడగాల్సింది. ఆ ఫ్రెంచ్ సీసా నాగపూర్ ఎయిర్‌పోర్ట్ నుంచి బల్లార్షా దాకా మే ఎండలో కారు డిక్కీలో వచ్చింది, మధ్యలో నువ్వే వరోరాలో ఆపి గంటసేపు భోజనం చేయించావు. అందులో ఉన్నది అప్పటికే ఉడికిపోయిన వైన్.

బల్లార్షా క్వార్టర్స్:
రెండోదానికి 8 వేసింది ఎవరు మరి, డిక్కీయా?

పేపర్ చుట్టిన సీసా:
8 వేశాను, ఇప్పుడూ వేస్తాను. 700కి అంత బాగుంటే తప్పు నాదా? వచ్చే ఆదివారం అక్క చెప్పినట్టు మూడు గ్లాసులు పెట్టు. ఐసు నేను తెస్తా, గాజు గ్లాసులు నువ్వు కొను, మటన్ ఆఖరున.