ఉద్యోగం చేస్తూ కలం పేరుతో శృంగార కథలు రాస్తున్నాను. తప్పా?

పినాకిని:
నెల్లూరు జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. పదకొండేళ్ల సర్వీసు. నాలుగేళ్లుగా రాత్రి పదిన్నర దాటాక, పిల్లలు పడుకున్నాక, ఫోన్లోనే కథలు టైప్ చేస్తున్నాను. శృంగార కథలు. బూతు అనేవాళ్లు కూడా ఉంటారని తెలుసు. నావి ఎక్కువగా నలభై దాటిన భార్యాభర్తల కథలు. ఆ వయసులో దేహాల మధ్య ఏం జరుగుతుందో తెలుగులో మర్యాదగా రాసినవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. అందుకే మొదలుపెట్టాను. నెలకు రెండు, మూడు వేలు వస్తాయి, అది ముఖ్యం కాదు. మా ఆయనకు తెలుసు, మొదటి పాఠకుడు ఆయనే.

పోయిన మంగళవారం తోటి టీచర్ ఒకావిడ నా కథ తెరిచి ఫోన్ నా ముందు పెట్టి "ఇది నువ్వే కదా?" అంది. నేను మాట్లాడలేదు. బెల్ కొట్టారు, వెళ్లిపోయాను. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. పిల్లలకు పాఠం చెప్పే మనిషి ఇవి రాయకూడదా? మానేయాలా? నిజంగా మీరేమనుకుంటున్నారో చెప్పండి.

గట్టుమీద మాస్టారు:
అమ్మా, నేను ముప్ఫైనాలుగేళ్లు పనిచేసి హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. మీ రాతలో పాపం ఉందని అనను. కానీ టీచరు ఉద్యోగం బడి గేటు దగ్గర ఆగిపోయేది కాదు. ఊళ్లో కూరగాయలు కొంటున్నా మనం టీచర్లమే. రేపు తొమ్మిదో తరగతి కుర్రాడి ఫోన్లో మీ కథ ఉందనుకోండి. మర్నాడు వాడి ముందు బోర్డు దగ్గర నిలబడగలరా? మీరు నిలబడ్డా తల్లిదండ్రులు నిలబడనివ్వరు. అదే మగ టీచరైతే నాలుగు రోజులు నవ్వుకుని వదిలేస్తారు, ఆడమనిషిని వదలరు. అది అన్యాయమే, కాదనను. కానీ ఆ అన్యాయం పడేది మీ జీతం మీద. మానేయమనే నా సలహా.

అక్షరాల కొట్టు:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని 'రాధికాసాంత్వనం' రాసింది. ఆడమనిషి కోరికను ఆడమనిషి నోటితోనే చెప్పిన కావ్యం. వీరేశలింగం అంతటివారు దాన్ని ఈసడించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠం సంపాదించి అచ్చు వేయిస్తే, ఆంగ్లేయుల ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ఆ నిషేధం ఎత్తేసేదాకా ఆ పుస్తకం దొంగచాటు సరుకే. ఇక చలం? పాఠశాలల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసుకుంటూనే కదా అన్ని రాసింది! "టీచరు రాయకూడదు" అన్న మాట ఆయన కాలంలోనూ గట్టిగానే వినబడింది. మనం వినాల్సిన మాట అది కాదు.

గట్టుమీద మాస్టారు:
బాబూ, ముద్దుపళని తన పేరు పెట్టుకునే రాసింది. చలం కూడా అంతే. ఈ అమ్మాయి పేరు దాచుకుంది. పేరు పెట్టి రాయగలిగితే నా అభ్యంతరం సగం పోతుంది. దాచాల్సి వచ్చిందంటే ఎక్కడో తనకే అనుమానం ఉన్నట్టు కాదా?

అక్షరాల కొట్టు:
దాచుకోవడం అనుమానం కాదు మాస్టారూ, అద్దె కట్టుకోవాలి కనుక. చలానికి కూడా నింద తప్పలేదు. అందరికీ ఆ ధైర్యం ఉండాలని మనం అడగకూడదు.

ప్లీడరు గుమాస్తా:
చట్టం సంగతి కాస్త చెబుతాను. అశ్లీల రచనల అమ్మకం, ప్రచురణ ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్ కిందికి వస్తాయి, పాత ఐపీసీ 292 అన్నమాట. ఆన్‌లైన్లో పెడితే ఐటీ చట్టం 67, 67ఏ కూడా ఉన్నాయి. 67ఏ కింద మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా పడొచ్చు. సాహిత్య ప్రయోజనం ఉందని రుజువైతే మినహాయింపు ఉంది. కానీ దాన్ని రుజువు చేయడమంటే కోర్టు చుట్టూ తిరగడమే. రచనలో ఏ ఒక్క ముక్క మనసును చెడగొట్టేలా ఉన్నా అశ్లీలమే అనే పాత ఇంగ్లీషు కొలత ఒకటుంది, హిక్లిన్ అంటారు. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని వదిలేసింది. నేటి సమాజపు ప్రమాణాలతో, మొత్తం రచనను చూసి తేల్చాలంది. మీలాంటి కథలకు అది కొంత ఊరట.

ఉద్యోగానికొస్తే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలో 15వ నియమం అప్పుడప్పుడు చేసే సాహిత్య పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదంటుంది, డ్యూటీ దెబ్బతినకుంటే చాలు. మీది ప్రైవేటు స్కూలు కనుక మీరు ముందు చూడాల్సింది మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు. బయట సంపాదన గురించి, "సంస్థ పరువు" గురించి ఏం రాశారో ఈ రాత్రే తీసి చదవండి. ఇంకొకటి, కలం పేరు పాఠకుడికి తెలియకుండా దాస్తుంది కానీ, డబ్బు మీ పాన్ నంబరు మీదే పడుతుంది. రిటర్నులో చూపించండి.

నల్లమల పిల్ల:
అక్కా, అందరూ నువ్వు టీచరువా కాదా అని వాదిస్తున్నారు. నాకు వేరే సంగతి అర్థం కావట్లేదు. అన్ని కథల్లో ఆవిడ నిన్నే ఎలా పట్టుకుంది? నీ పేరు లేదు, ఊరు లేదు. ఆ కథలో ఏముంది?

పినాకిని:
ఈ ప్రశ్న ఎవరూ అడగకూడదనుకున్నాను. అడిగావు కనుక చెబుతాను.

రెండేళ్ల కిందట స్టాఫ్ రూంలో క్యారేజీలు విప్పుకుని తింటున్నప్పుడు ఆవిడ ఒక మాట చెప్పింది. వాళ్లాయన కువైట్ నుంచి మూడేళ్లకు వచ్చాడట. ఆ రాత్రి ఇద్దరికీ మాటలు రాలేదట. పెట్టెలోంచి సామాను ఒక్కొక్కటే తీసి, మళ్లీ మడతపెట్టి, తెల్లవారుజాము దాకా సర్దుతూ కూర్చున్నారట. అది విన్నాక నాకు రెండు వారాలు నిద్ర పట్టలేదు. రాశాను. పేర్లు మార్చాను, కువైట్‌ను మస్కట్ చేశాను. పెట్టె మాత్రం అలాగే ఉంచాను. ఆ తర్వాత ఏం జరిగిందో నేను ఊహించి రాశాను. చాలా వివరంగా రాశాను.

నల్లమల పిల్ల:
అంటే ఆవిడ "ఇది నువ్వే కదా" అన్నది నీ గురించి కాదక్కా. తన గురించి. తన పడకగదిని ఎవరెవరో చదువుతున్నారని. కలం పేరు నీకుంది, ఆవిడకు లేదు.

అక్షరాల కొట్టు:
రాసేవాళ్లందరూ చుట్టూ ఉన్నవాళ్ల నుంచే తీసుకుంటారు. అది నేరమంటే కథలే ఉండవు.

నల్లమల పిల్ల:
మామూలు కథైతే ఒప్పుకుంటానండీ. అత్తగారి గయ్యాళితనం రాస్తే అత్తగారు అలుగుతుంది, అంతే. ఇక్కడ ఒక మనిషి బట్టలు విప్పి చూపించారు, అడగకుండా. రెండూ ఒకటేనా?

గట్టుమీద మాస్టారు:
ఈ అమ్మాయి చెప్పింది నిజం. నేను పిల్లలు, తల్లిదండ్రులు అంటూ దూరంగా వెతికాను. పినాకినమ్మా, మిమ్మల్ని మానేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆవిడ దగ్గరికి మీరే వెళ్లాలి. ఆవిడ మళ్లీ అడిగేదాకా ఆగకండి.

పినాకిని:
ఆ కథ ఇప్పుడే తీసేశాను. ఎనిమిది వేలమందికి పైగా చదివేశారు, అది నా చేతిలో లేదు. సోమవారం మొదటి పీరియడ్ ఇద్దరికీ ఖాళీ. ఆవిడతో ఏమనాలో మా ఆయన్ని అడిగాను. "ముందు సారీ చెప్పు, కథ ఎందుకు రాశావో ఆవిడ అడిగితేనే చెప్పు" అన్నాడు.

మిగతా కథలు ఉంచుతున్నాను. అవి నావీ మా ఆయనవీ, మేమిద్దరం ఒప్పుకున్నవి. సోమవారం సాయంత్రం వచ్చి ఏమైందో రాస్తాను.