శాఖలో పదమూడు మంది, సమావేశానికి ఐదుగురు: తిరుపతిలో పార్టీని కింది నుంచి నిలబెట్టడం ఎలా?

కొర్లగుంట కార్యకర్త (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక కమ్యూనిస్టు పార్టీ శాఖకు రెండేళ్లుగా కార్యదర్శిగా ఉన్నాను. ఏ పార్టీ అన్నది ఇక్కడ చెప్పడం లేదు. 1964లో విడిపోయిన సీపీఐ, సీపీఎం రెండింటిలో ఏదైనా అనుకోండి, నేను చెప్పబోయే ఇబ్బంది దగ్గర మాత్రం చీలిక లేదు.

మా శాఖ పుస్తకంలో పదమూడు మంది ఉన్నారు. సమావేశానికి ఐదుగురు వస్తారు, వారిలో ఇద్దరు టీ తాగి డ్యూటీ ఉందంటూ లేస్తారు. రానివారు పనికిరానివారేమీ కారు. హమాలీ పని చేసే ఒక పెద్దాయన, ధర్నా ఉందంటే తెల్లవారి ఐదు గంటలకే జెండా కర్రల కట్ట భుజాన వేసుకుని వచ్చేస్తాడు, సమావేశమంటే మాత్రం ఏదో ఒక సాకు చెబుతాడు. మొన్న సభ్యత్వ పునరుద్ధరణ కోసం పాత మినిట్స్ పుస్తకం తీసి చూస్తే, వరుసగా పదకొండు సమావేశాల కింద ఒకే వాక్యం కనిపించింది: “పై కమిటీ నిర్ణయాలను రిపోర్టు చేయడం జరిగింది, సభ్యులు ఆమోదించారు.” మధ్యలో చేతిరాత మారింది గానీ వాక్యం మారలేదు. ఆ పదకొండింటిలో ఐదు నా చేతిరాతే.

మాకు బలమే లేదంటే ఒప్పుకోను. కాంట్రాక్టు కార్మికులకు, ఆసుపత్రుల్లో పారిశుద్ధ్య పని చేసేవారికి, ఆటో డ్రైవర్లకు జీతమో, చలానో, గుర్తింపు కార్డో ఆగిపోతే మొదటి ఫోను మాకే వస్తుంది. అయితే ఉమ్మడి రాష్ట్రంలో 2004లో రెండు పార్టీలకూ కలిపి 15 మంది శాసనసభ్యులుంటే, 2009లో ఐదుగురు మిగిలారు. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2014, 2019, 2024 ఎన్నికల్లో ఒక్కరు కూడా గెలవలేదు, 2019లో జనసేనతో కలిసినా, 2024లో కాంగ్రెస్‌తో కలిసినా ఫలితం అదే. పొత్తుల మంచిచెడ్డలు చర్చించేవారు పైన చాలామంది ఉన్నారు కాబట్టి దయచేసి ఇక్కడ వాటి జోలికి పోవద్దు. యూనియన్ విషయంలో మమ్మల్ని నమ్మిన మనిషి పార్టీ గడప దగ్గర ఎందుకు ఆగిపోతున్నాడు, లోపలికి వచ్చినవాడు ఎందుకు నిలవడం లేదు అన్నదే నా ప్రశ్న. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాకాల అంగన్‌వాడీ అక్క

తమ్ముడూ, మీరు రాసిన మినిట్స్ వాక్యం చదివి నవ్వొచ్చింది, మా పుస్తకంలోనూ అదే ఉంది.

2023 డిసెంబర్ 12న మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశాం. మధ్యలో ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించింది, ఉద్యోగాలు తీసేస్తామంది, కేంద్రాల తాళాలు పగలగొట్టించింది. అయినా మా మండలంలో ఎవరూ వెనక్కి తగ్గలేదు. అంత పోరాటం చేసిన ఆడవాళ్లలో ఆ తర్వాత పార్టీ సభ్యత్వం అడిగి తీసుకున్నది ఇద్దరమే. కారణమేమిటని మా నాయకులు నన్నే అడిగారు. నేను వారిని తిరిగి ఒక్కటే అడిగాను: సమావేశం రాత్రి ఏడు గంటలకు టౌనులో పెడితే, తొమ్మిదిన్నరకు ముగిస్తే, మా ఊరికి ఏ బస్సులో వెళ్లమంటారు?

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మా ఇంట్లోనే పెట్టుకుంటామని పట్టుబట్టి మార్పించాం. పిల్లలు వస్తారు, గోల చేస్తారు, దానికి ఎవరూ ముఖం ముడుచుకోకూడదని ముందే అనుకున్నాం. ఆ తర్వాత ఎజెండాను తలకిందులు చేశాం. ఎప్పుడూ అంతర్జాతీయ పరిస్థితితో మొదలై, జాతీయ పరిస్థితి మీదుగా రాష్ట్రానికి వచ్చి, మా ఊరి సంగతి వచ్చేసరికి అందరూ చెప్పులు వెతుక్కునేవారు. ఇప్పుడు ఊరి సంగతే ముందు. ఒకసారి గ్యాస్ బండ ధర దగ్గర మొదలైన మాట గల్ఫ్ దాకా వెళ్లింది, ఎందుకంటే మాలో ఒకామె కొడుకు కువైట్‌లో డ్రైవరు. ఆ రోజు అంతర్జాతీయ పరిస్థితి గురించి గంటసేపు మాట్లాడారు, ఎవరూ రిపోర్టు ఇవ్వలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది తిరుపతి చుట్టుపక్కల వారికే బాగా అర్థమవుతుంది. మా ఆయాల్లో ఒకామె సమ్మె ముగిశాక మొక్కు ఉందని అలిపిరి మెట్లెక్కి కొండకు పోయి వచ్చింది. తరువాతి సమావేశంలో ఒక నాయకుడు “దేవుడు జీతం పెంచాడా అమ్మా?” అని నవ్వాడు. ఆమె ఏమీ అనలేదు, తెచ్చిన లడ్డు ప్రసాదం సంచిలోంచి తీయకుండానే ఇంటికి తీసుకుపోయింది. మళ్లీ రాలేదు. 42 రోజుల్లో ఒక్క రోజు కూడా శిబిరానికి రాకుండా ఉండని మనిషి ఆమె. నాస్తికులు నాస్తికులుగా ఉండవచ్చు, నాకు అభ్యంతరం లేదు, కానీ కొండ కింద పార్టీ నడిపేవారికి ఆ మాత్రం నోటి అదుపు ఉండాలి.

లెవీ, అంటే సభ్యులు ఆదాయంలోంచి పార్టీకి కట్టే వాటా, దాని గురించి కూడా అందరి ముందు అడగకండి. ఆయా జీతమెంతో అందరికీ తెలుసు, బాకీ సంగతి ఆమెకే తెలుసు.

బంగారుపాళ్యం మామిడి రైతు

నేను ఏ పార్టీ సభ్యుడినీ కాను, ఎర్రజెండాకు ఎన్నడూ ఓటు వేయలేదు. అయినా చూసింది చెబుతాను.

2025 సీజన్‌లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలన్నారు: ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలపాలి. ఆ మాట కాగితం మీద ఉండగా మా ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీ ముందు మైలు పొడవున నిలిచాయి. నా కాయ రెండో రాత్రికే కింది వరుసలో చితికి, రసం టైర్ల మీదుగా రోడ్డు మీదికి కారింది. తెల్లవారేసరికి ఈగలు, తేనెటీగలు ముసిరి టార్పాలిన్ ఎత్తడానికి భయమేసింది. ఆ రెండు రాత్రులూ మా పక్కన రోడ్డు మీద పడుకున్నది పార్టీ కుర్రాళ్లే. అందులో ఒకడు బడిపిల్లల నోటుబుక్కు కొనుక్కొచ్చి, వరుసలో ఉన్న ప్రతి ట్రాక్టరు టోకెన్ నంబరు, బరువు, రైతు ఊరు, రావలసిన డబ్బు రాసుకున్నాడు. ఆ పుస్తకం ఉండబట్టే గేటు దగ్గర దొంగ టోకెన్లు ఆగిపోయాయి.

సీజన్ అయిపోయింది. డబ్బు పూర్తిగా పడని వాళ్లం ఆ కుర్రాడి కోసం అడిగితే, పై కమిటీ అతనికి వేరే బాధ్యత ఇచ్చిందన్నారు. పుస్తకం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మా ఊరి ముసలాయన ఒకరు వారితో ముఖం మీదే అన్నాడు: “మీరొస్తారు, జెండా కడ్తారు, పోతారు. మళ్లా యాడ కనపడ్తారు సామీ?” మీ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఆయన మాటే. ధర్నా రోజున మీరు బాగానే ఉంటారు, ఆ తర్వాతి నెల ఎక్కడ ఉంటారో చూసుకోండి.

చిత్తూరు విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక విషయంలో విభేదిస్తాను. దరఖాస్తు రాసిపెట్టడం, టోకెను రాసుకోవడం, ఫోను ఎత్తడం అవసరమే. అయితే అంతవరకే ఆగితే మనం చేసే పనిని అధికారంలో ఉన్న పార్టీ అనుచరుడు ఒక్క ఫోనుతో మనకంటే తొందరగా చేసిపెడతాడు, ఓటు కూడా అతనికే పడుతుంది. కార్మికుడు తన జీతం ఎందుకు ఆగిందో, 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లకూ (కొత్త కార్మిక చట్టాలకూ) తన కాంట్రాక్టుకూ సంబంధమేమిటో మన దగ్గర కూర్చుని అర్థం చేసుకోవాలి, లేకపోతే మనది రుసుము లేని మీసేవ కేంద్రం అవుతుంది.

ఓటమి మనకు కొత్త కాదు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో ఉమ్మడి పార్టీకి దాదాపు 31 శాతం ఓట్లు వచ్చి, 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. అప్పుడు సీట్లు పోయినా ఊళ్లలో మనుషులు మిగిలారు. ఇప్పుడు సీట్లు ఎప్పుడో పోయాయి, మనుషుల లెక్క రిజిస్టరులో చూసి సంతోషిస్తున్నాం. 2015 డిసెంబర్‌లో సీపీఎం కోల్‌కతాలో సంస్థాగత విషయాల మీదే ప్రత్యేకంగా ప్లీనం (ప్రతినిధుల విస్తృత సమావేశం) జరిపింది, 2022 కన్నూరు మహాసభలో కేంద్ర కమిటీకి 75 ఏళ్ల వయోపరిమితి పెట్టింది. మంచిదే. అయితే మా పట్టణ శాఖలో అందరికంటే చిన్నవాడిని నేనే, నాకు అరవై మూడేళ్లు.

మీరు రాసిన పదమూడు అంకె గురించి ఒక మాట. శాఖలో 15 మందికి మించి ఉండకూడదని సీపీఎం నిబంధనావళిలో ఉంది. దాన్ని మనం పరిపాలనా సౌలభ్యం కోసమని అనుకుంటాం. నాకు తోచిన అర్థం వేరు: ఒక గదిలో కూర్చున్న ప్రతి మనిషికీ నోరు విప్పే వంతు రావాలంటే అంతకంటే ఎక్కువ మంది ఉండకూడదు. మీ సమావేశంలో కార్యదర్శి తప్ప ఇంకెవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో ఒకసారి గడియారం పెట్టి చూడండి. అలాగే, రాని ఎనిమిది మందిని నిజాయితీగా సమీక్షించి, అవసరమైతే సభ్యత్వం పునరుద్ధరించకుండా ఉండే ధైర్యమూ చేయండి. కాగితం మీద పదమూడు కంటే కదిలే ఏడుగురు మేలు.

పాకాల అంగన్‌వాడీ అక్క

సార్, చివరి మాట దగ్గర తొందరపడవద్దు. తెల్లవారి ఐదింటికి జెండా కర్రలు మోసుకొచ్చే మనిషిని మీరు ఏ ఖాతాలో వేస్తారు? తీసివేసే ముందు ఒకసారి ఇంటికి వెళ్లి ఎందుకు రావడం లేదో అడగాలి కదా.

యూనివర్సిటీ విద్యార్థి

మేము ముగ్గురం గత సంవత్సరం ఫీజు బకాయిల ఆందోళనలో పరిచయమయ్యాం. అప్పటి నుంచి మాకు అప్పగించిన పని ఒక్కటే: కార్యక్రమం ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టడం. ఫోటోలో ఎవరి పక్కన ఎవరు నిలబడాలన్న దానికి వెచ్చించే సమయంలో సగం మాతో మాట్లాడి ఉంటే ముగ్గురం ఇంకా ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను.

కొర్లగుంట కార్యకర్త

అందరికీ కృతజ్ఞతలు. అక్కగారు రాసింది చదివి నిన్న సాయంత్రం ఆ హమాలీ పెద్దాయన ఇంటికి వెళ్లాను. రెండేళ్లుగా కలిసి పనిచేస్తున్నా, ఆయన ఇల్లు చూడటం ఇదే మొదటిసారి అని రాయడానికి సిగ్గుగా ఉంది. చాలాసేపు మాట దాటవేశాడు. చివరికి ఆయన భార్య చెప్పింది: నా ముందున్న కార్యదర్శి ఒకసారి సర్క్యులర్ కాపీలు పంచి, వంతులవారీగా తలా ఒక పేరా బయటికి చదవమన్నాడట. ఈయనకు చదువు రాదు. కళ్లజోడు మరిచిపోయానని చెప్పి బయటికి వచ్చేశాడు. ఆ తర్వాత మళ్లీ సమావేశం గడప తొక్కలేదు. కళ్లజోడు అసలు ఆయనకు లేదు.

విశ్రాంత ఉద్యోగి గారూ, మీరన్న సమీక్ష తప్పకుండా చేస్తాను, మిగిలిన ఏడుగురి ఇళ్లకూ వెళ్లి వచ్చాకే చేస్తాను. లేబర్ కోడ్‌ల గురించి మీరే వచ్చి, కాగితం చేతిలో లేకుండా, ఒక అరగంట మా వాళ్లతో మాట్లాడగలరా? రైతు గారూ, ఆ నోటుబుక్కు ఎవరి దగ్గరుందో మా జిల్లా వారిని అడుగుతున్నాను, దొరికితే ఇక్కడే రాస్తాను. యూనివర్సిటీ తమ్ముడూ, మినిట్స్ రాసే పని నువ్వు తీసుకుంటావా? ఎవరు ఏమన్నారో వారి మాటల్లోనే రాయాలి, “జరిగింది” అన్న మాట వాడకూడదు, అంతే షరతు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం మూడింటికి సమావేశం పెద్దాయన ఇంటి మిద్దె మీద. నీడ కోసం పాత బ్యానరు ఒకటి కడతానన్నాడు.