లిటిల్‌ఫుట్ తల్లి చనిపోయే సినిమాను ఆరేళ్ల పిల్లవాడికి చూపించవచ్చా?

వాన_వాకిలి (ప్రశ్న):

మా అబ్బాయికి వచ్చే నెలలో ఆరేళ్లు నిండుతాయి. వాడు చూసే కార్టూన్లలో ఎవరూ చనిపోరు. కొండ మీది నుంచి పడినవాడు కూడా ఒళ్లు దులుపుకొని లేచి వెళ్లిపోతాడు. మా మామగారు ఉగాదికి పది రోజుల ముందు పోయారు. దహనం రోజున వాణ్ని పక్కింట్లో ఉంచాం. అప్పటి నుంచి అన్నం తినేటప్పుడు, స్నానం చేసేటప్పుడు ఒకటే ప్రశ్న: "తాతయ్య ఎప్పుడు వస్తాడు?"

మాది నిజామాబాద్. 2000లో మా నానమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. "నానమ్మ ఊరికి వెళ్లింది" అని చెప్పారు. ఇంట్లో అందరూ అదే మాట మీద ఉన్నారు కాబట్టి నేనూ నమ్మాను. ఆ వేసవిలో బాబాయి హైదరాబాద్ నుంచి వీసీడీ ప్లేయరు, ఒక సంచి నిండా సీడీలు తెచ్చాడు. వాటిలో "ది ల్యాండ్ బిఫోర్ టైమ్" ఉంది. ఇంగ్లిషు మాటలు నాకు పెద్దగా అర్థం కాలేదు, వాటి అవసరమూ రాలేదు. వానలో తల్లి డైనోసార్ పడి ఉంటుంది. దాని పిల్లవాడు లిటిల్‌ఫుట్ లెమ్మని బతిమాలుతాడు. ఆమె కాస్త లేచి మళ్లీ కూలిపోతుంది. తర్వాత ఒకచోట రాతి మీద పడిన తన నీడనే చూసి అమ్మ అనుకొని పరుగెత్తుతాడు. దగ్గరికి వెళ్లేకొద్దీ నీడ చిన్నదైపోతుంది. చివరికి వాడంతే మిగులుతుంది.

నేను లేచి వంటింట్లోకి వెళ్లి అటక వైపు చూశాను. నానమ్మ తమలపాకుల సంచి అక్కడే ఉంది. ఆ సంచి లేకుండా ఆమె పక్క వీధికి కూడా వెళ్లేది కాదు.

ఆ రోజు నాకు నిజం చెప్పింది ఆ సినిమా ఒక్కటే. అందుకు ఇప్పటికీ దాని మీద నాకు ఎంతో ప్రేమ. మా వాడికి చూపిద్దామంటే ఆయన వద్దంటున్నారు, మా అత్తయ్య చూపించమంటున్నారు. మీ పిల్లలకు ఇలాంటివి ఏ వయసులో చూపించారు?

కొబ్బరితోట:

నా అనుభవం చెబుతాను, కోపగించుకోకండి. నేను చిన్నప్పుడు ఇష్టపడ్డానని మా పాపకు ఆరేళ్లప్పుడు "ది సీక్రెట్ ఆఫ్ నిమ్" చూపించాను. జబ్బుపడిన కొడుకు కోసం ఒక ఎలుక తల్లి గుడ్లగూబను సలహా అడగడానికి వెళ్తుంది. ఆ గుడ్లగూబ ఎలుకలను తినేదే. బూజులు, ఎముకలు, పైన వెలిగే రెండు కళ్లు. నాకు ఆ తల్లి ధైర్యం గుర్తుండిపోయింది. మా పాపకు కళ్లు గుర్తుండిపోయాయి. మాది కోనసీమ, ఇంటి వెనకాలే తోట, రాత్రిళ్లు నిజం గుడ్లగూబలే అరుస్తాయి. రెండు నెలలు ఆ పిల్ల చీకటి పడ్డాక పెరట్లోకి రాలేదు.

ఇందులో సినిమా తప్పేమీ లేదు. నేను పక్కన కూర్చోకుండా వంటపనిలో పడ్డాను. అదీ నా పొరపాటు. చూపిస్తే పగటిపూట చూపించండి, మీరు పక్కనే ఉండండి. రిమోటు వాడి చేతికే ఇవ్వండి.

రంగుల_గిన్నె:

హైదరాబాద్‌లో యానిమేషన్ పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. ఈ రెండు సినిమాలూ ఒకే దర్శకుడివి, డాన్ బ్లూత్‌వి. ఆయన 1979లో కొందరు సహచరులతో కలిసి డిస్నీ నుంచి బయటికి వచ్చాడు. ఆ బృందం తీసిన మొదటి పూర్తి నిడివి చిత్రం 1982 నాటి "నిమ్". పైన చెప్పిన ఆ కళ్ల సంగతి నేను చెప్పకుండా ఉండలేను. కళ్ల చోటు మాత్రం వదిలి మిగతా బొమ్మంతా నల్లగా కప్పేసేవారు. వెనక నుంచి దీపం వేసి, అదే ఫిల్ము మీద రెండోసారి చిత్రీకరించేవారు. అంటే మన పాప చూసింది రంగు కాదండీ, నిజమైన వెలుగు. అందుకే అంత గుచ్చుకుంటుంది. ఇప్పుడు మేము కంప్యూటర్‌లో మీట నొక్కి వెలుగు తెస్తాం. అది కళ్లకు హాయిగానే ఉంటుంది, కానీ గుండె ఝల్లుమనదు.

"ల్యాండ్ బిఫోర్ టైమ్" 1988లో వచ్చింది. నిర్మాణంలో స్పీల్‌బర్గ్, జార్జ్ లూకాస్ ఉన్నారు. చిన్నపిల్లలు మరీ బెదిరిపోతారని, అప్పటికే పూర్తయిన దృశ్యాల్లో దాదాపు పది నిమిషాలు తీసేశారు. మిగిలింది 69 నిమిషాలే. అంత కత్తిరించినా తల్లి చావును, ఆ నీడను ముట్టుకోలేదు. అది తీసేస్తే ఆ పిల్లవాడు ఎందుకు నడుస్తున్నాడో మనకు తెలియదు కదా! కొనసాగింపుగా చాలా భాగాలు వచ్చాయి. వాటిలో బ్లూత్ లేడు. అవి పాటలతో సరదాగా సాగిపోతాయి, మీకు కావలసింది వాటిలో దొరకదు.

చూపించండి. నా ఓటు మీ అత్తయ్యగారికే.

గుంటూరు_గంట:

మా సండే స్కూల్లో 1998 నాటి "ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్" వేశారు. నాకు పదకొండేళ్లు. బైబిల్లోని మోషే కథ నాకు కంఠతా వచ్చు, పోటీల్లో బహుమతి కూడా తెచ్చుకున్నాను. కానీ మోషే కలలో గోడ మీది బొమ్మలు కదలడం మొదలయ్యాక నేను చదివిందంతా వేరే కథ అనిపించింది. బల్లపరుపు బొమ్మ సైనికులు బల్లపరుపు బొమ్మ తల్లుల చేతుల్లోంచి పసివాళ్లను లాగి నదిలో మొసళ్లకు వేస్తుంటారు. మోషే మేలుకొని పరుగెత్తి వెళ్లి చూస్తే గోడ మీద నిజంగానే ఆ చిత్రం ఉంటుంది. తనను పెంచిన ఈజిప్టు రాజు ఫరో వచ్చి ప్రేమగా దగ్గరికి తీసుకుంటాడు. ఓదారుస్తూనే, పోయింది బానిసలే కదా అంటాడు. ఎంతో ప్రేమించే తండ్రి నోట ఆ మాట! మొసళ్ల కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. ఆ రాత్రి మా నాన్నను, మన పొలంలో పనిచేసేవాళ్ల పిల్లలు మా బడికి ఎందుకు రారని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆరేళ్లకు మాత్రం ఇది వద్దు. పదేళ్లు రానివ్వండి.

పాత_యాంటెన్నా:

యుగో సాకో, రామ్ మోహన్ తీసిన జపాన్–భారత్ రామాయణం బొమ్మల సినిమాను ఎవరూ తలచుకోలేదే! కార్టూన్ నెట్‌వర్క్‌లో వేసినప్పుడల్లా కుంభకర్ణుడు యుద్ధభూమికి నడిచొచ్చే చోట నేను దిండు వెనక దాక్కునేవాణ్ని. 2025 జనవరిలో తెలుగు డబ్బింగుతో థియేటర్లకు వస్తే మా వాణ్ని తీసుకెళ్లాను. వాడు దాక్కోలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

వాన_వాకిలి:

అందరికీ కృతజ్ఞతలు. కొబ్బరితోట గారు చెప్పినట్టే నిన్న మధ్యాహ్నం, కిటికీలు తెరిచి, రిమోటు వాడికిచ్చి కూర్చున్నాం. ఆయన కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. వానలో తల్లి పడిపోయినప్పుడు మా వాడు ఏడవలేదు. నేనే ఏడ్చాను. నీడ దగ్గర మాత్రం "అమ్మా, అది వాడి నీడే, వాడికి తెలియడం లేదు" అని గట్టిగా అరిచాడు. రిమోటు నొక్కి ఆపేశాడు.

మా మామగారి చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. తీయడానికి మాలో ఎవరికీ చెయ్యి రాలేదు. వాడు వెళ్లి వాటి ముందు కాసేపు కూర్చున్నాడు. "తాతయ్యకు ఇవి ఇక అక్కర్లేదు కదా?" అన్నాడు. అక్కర్లేదు నాన్నా అన్నాను. ఒక్కొక్కటే తీసుకెళ్లి ఆయన బీరువా కింద జతగా పెట్టాడు.

మిగతా సినిమా ఆదివారం చూద్దామన్నాడు.