విండ్‌వేనా, ఆటోపైలటా? ముగ్గురి డబ్బు, ఒక్క పడవ

సాగర్‌గట్టు:
హుస్సేన్‌సాగర్‌లో లేజర్ అనే చిన్న తెరచాప పడవలు నడిపే ముగ్గురం కలిసి పాత 36 అడుగుల తెరచాప పడవ తీసుకుంటున్నాం. జనవరిలో విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాలని ప్లాన్. మనిషి పట్టకుండా చుక్కాని నడిచే ఏర్పాటు దాంట్లో లేదు. కరెంటుకు ఇంజిన్ ఆల్టర్నేటర్ ఒక్కటే. నేను విండ్‌వేన్ (కరెంటు లేకుండా గాలి వాటాన్ని బట్టి పడవను నడిపే రెక్క) అంటున్నాను. ఒక పార్ట్‌నర్ ఆటోపైలట్ (కరెంటుతో చుక్కాని తిప్పే యంత్రం), దానికి కరెంటు ఇవ్వడానికి గాలిమర, లిథియం బ్యాటరీలు అంటున్నాడు. మూడో ఆయన 'మీరిద్దరూ తేల్చుకుని చెప్పండి, డబ్బిస్తా' అని తప్పుకున్నాడు. రెండూ కొనే స్తోమత లేదు.

మౌలాలి మెకానిక్:
ఆటోపైలటే తమ్ముడూ. బటన్ నొక్కితే దిక్సూచి పట్టుకుని పోతుంది. విండ్‌వేన్‌కు దిక్కు తెలియదు, గాలి ఎటు తిరిగితే పడవను అటు తిప్పుతుంది. మీరు నిద్రపోయినప్పుడు ఈశాన్య గాలి ఉత్తరానికి మారిందా, పొద్దున లేచేసరికి బర్మా వైపు పోతుంటారు. గాలి పడిపోయి ఇంజిన్ మీద నడిచేటప్పుడైతే అది అలంకారమే.

ఇన్వర్టర్ మాస్టారు:
బటన్ నొక్కాక కరెంటు ఎవరిస్తారు? ఈ సైజు పడవలో ఆటోపైలట్ సగటున 3 ఆంప్స్ తింటుందనుకోండి, రోజుకు 72 ఆంపియర్ అవర్లు. ఫ్రిజ్‌కు 50. లైట్లు, జీపీఎస్, ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల్ని చూపించేది), రేడియో కలిపి 40. మొత్తం 160 దాటింది. 400 వాట్ల సోలార్ పెట్టినా నీడలు, మబ్బులు పోను రోజుకు 100 వస్తే గొప్ప. మిగతా 60కి రోజూ ఇంజిన్ తిప్పాలి. విండ్‌వేన్ పెడితే ఖర్చు 90కి దిగుతుంది, సోలార్‌తోనే సరిపోతుంది. కరెంటు కోతల కాలంలో ఇన్వర్టర్ మీద ఏసీ వేసి పరేషాన్ అయిన ఇళ్లు చాలా చూశాను. ముందు లోడ్ తగ్గించాలి, బ్యాటరీల మాట తర్వాత.

లిథియం అన్నారు కాబట్టి ఒక మాట. అది కరెంటును గబగబా లాగేస్తుంది. మామూలు ఆల్టర్నేటర్‌కు నేరుగా కలిపితే ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో కరెంటును అదుపు చేసే డీసీ-డీసీ చార్జర్ ఉండాలి.

తార్నాక తెరచాప:
మన నావికుడు అభిలాష్ టామీ 2022 గోల్డెన్ గ్లోబ్ అనే తెరచాప పడవల రేసులో ఒంటరిగా ప్రపంచం చుట్టి రెండో స్థానంలో వచ్చింది విండ్‌వేన్ మీదే. స్పేర్లు అయిపోతే టాయిలెట్ తలుపు కోసి దానికి ముక్క చేసుకున్నాడు. ఆటోపైలట్ సర్క్యూట్ బోర్డు పోతే ఏ తలుపు కోస్తారు?

మౌలాలి మెకానిక్:
ఆ రేసులో ఎలక్ట్రానిక్ ఆటోపైలట్ నిషేధం. ఆయన కావాలని ఎంచుకున్నట్టు చెప్తారేంటండీ?

తార్నాక తెరచాప:
సరే, అది ఒప్పుకుంటా. ఇంకోటి చూడండి. మన హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి ఉన్న నేవీ తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి 2018లో ప్రపంచం చుట్టి వచ్చే తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ చెడి మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. చుక్కానే పోతే ఆటోపైలట్ దేన్ని తిప్పుతుంది? విండ్‌వేన్‌లలో రెండు రకాలున్నాయి. మోనిటర్, ఏరీస్ లాంటివి నీళ్లలో ఊగే తెడ్డు బలంతో పడవ చుక్కానినే లాగుతాయి. హైడ్రోవేన్‌కు సొంత చుక్కాని ఉంటుంది, అసలుది విరిగితే అదే దిక్కు. ముగ్గురే వెళ్తున్నారు కాబట్టి నా ఓటు దానికే.

బేగంపేట గాలోడు:
గాలిమర మాత్రం దండగ. వెనక గాలితో పోతుంటే పడవ వేగం తీసేసి మిగిలిన గాలే దానికి తగులుతుంది. గాలి సగమైతే కరెంటు ఎనిమిదో వంతు.

ఇన్వర్టర్ మాస్టారు:
లెక్క కరెక్టే గానీ మ్యాప్ చూడండి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఆగ్నేయంగా దాదాపు 650 నాటికల్ మైళ్లు, 5 నాట్ల వేగంతో అయిదున్నర రోజులు. జనవరిలో ఈశాన్య గాలి, అంటే ఎడమ పక్క నుంచి తగులుతుంది. వెనక గాలి కానే కాదు. పక్క గాలిలో గాలిమరా పనిచేస్తుంది, విండ్‌వేనూ బుద్ధిగా ఉంటుంది. పైగా పొద్దున సూర్యుడు సరిగ్గా ముందుంటాడు. తెరచాప నీడ వెనక ఫ్రేమ్ మీదున్న ప్యానెళ్ల మీదే పడుతుంది. మధ్యాహ్నం దాకా సోలార్ మీద ఆశ పెట్టుకోవద్దు. అన్ని ప్యానెళ్లూ ఒకేచోట బిగించకండి. హైడ్రోజనరేటర్ (పడవ వెనక నీళ్లలో తిరిగి కరెంటు చేసేది) మంచిదే గానీ ఈ కాస్త ప్రయాణానికి అంత ఖరీదెందుకు?

మౌలాలి మెకానిక్:
గాలి లేనప్పుడు చుక్కాని ఎవరు పడతారో ఇంకా ఎవరూ చెప్పలేదు.

తార్నాక తెరచాప:
చిన్న టిల్లర్ పైలట్ (చుక్కాని కర్రను తోసే బుల్లి ఆటోపైలట్) కొని విండ్‌వేన్ చుక్కానికి తగిలించండి అన్నా. దిక్సూచి మీద నడుస్తుంది. చిన్న చుక్కాని కాబట్టి తక్కువ కరెంటే తింటుంది. ఇంజిన్ మీద పోయేటప్పుడు ఎలాగూ ఆల్టర్నేటర్ తిరుగుతూనే ఉంటుంది.

సాగర్‌గట్టు:
ఇది చదివి పార్ట్‌నర్ సగం దిగొచ్చాడు. సొంత చుక్కాని ఉన్న విండ్‌వేన్, టిల్లర్ పైలట్, 400 వాట్ల సోలార్‌కు ఓకే అన్నాడు. ఫ్రిజ్ జోలికి రావద్దంట. గాలిమర గొడవ తేలలేదు. ముందు ఫ్రిజ్ నిజంగా ఎంత తింటుందో కొలుద్దామని ఉంది. మౌలాలి అన్నా, క్లాంప్ మీటర్ ఉంటే ఒక్క ఆదివారం ఇస్తారా?

మౌలాలి మెకానిక్:
డీసీ కొలిచేది కావాలి, చవక మీటర్లు ఏసీ ఒక్కటే చూపిస్తాయి. నా దగ్గర ఉంది. శనివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లు. 24 గంటలు కొలువు, పగటి లెక్కతో ఆపకు.