పాత బట్టలతో కుట్టే కళ: ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఇంట్లో అందరి పాత చొక్కాలు, దుప్పటి ముక్కలు కలిపి గోడకి తగిలించే పెద్ద బట్ట ఒకటి కుడదామనుకుంటున్నా. చూస్తేనే హాయిగా అనిపించాలి. సలహాలుంటే చెప్పండి.

జవాబు: తాకితేనే కదండీ బట్ట సంగతి తెలిసేది, చేతికి అందే ఎత్తులో పెట్టండి. టీషర్టు గుడ్డ సాగుతుంది, వెనక ఇస్త్రీతో అంటుకునే లైనింగ్ వేశాకే కత్తిరించండి, లేకపోతే అంచులు చుట్టుకుపోయి ఒకటే చిరాకు.

జవాబు: ఫ్రెంచ్-అమెరికన్ శిల్పి లూయీస్ బూర్జువా చివరి ఏళ్లలో తన పాత బట్టలతోనే శిల్పాలు చేసింది, చూడండి. 1987లో వాషింగ్టన్‌లో పరిచిన ఎయిడ్స్ క్విల్ట్ (ముక్కలు కలిపి కుట్టిన పెద్ద బొంత) అయితే 1,920 ముక్కలు, ఒక్కోటి 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లతో కావలసినవాళ్లు కుట్టినవే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు: అందరూ తాకితే మాసిపోదా?

జవాబు: మాసిపోతే ఉతకండి! రంగు దిగే ముక్కలేవో ముందే తడిపి చూసుకుంటే టెన్షన్ ఉండదు.