ఎడమ పక్క పెద్ద పొయ్యి అంటుకోవట్లేదు, టక్‌మంటుంది కానీ మంట రాదు

పప్పుచారు_పద్మ:
మూడు పొయ్యిల గాజు స్టవ్, ఆటో ఇగ్నిషన్‌ది. మొన్న పాలు పొంగి పోయాయి. అప్పట్నుంచి ఎడమ పక్క పెద్ద బర్నర్ మొండికేసింది. నాబ్ తిప్పితే నిప్పురవ్వ కనిపిస్తుంది, అంటుకోదు. లైటర్ కొడితే ఒక్కోసారి ‘భప్’మని, అదీ సగం చుట్టే వెలుగుతుంది. మిగతా రెండూ శుభ్రంగా ఉన్నాయి. బర్నర్ తీసి సబ్బుతో కడిగాను కూడా. మెకానిక్‌ని పిలవాలా? ఈలోపు లైటర్‌తో వాడుకోవచ్చా? మా అత్తగారేమో కొత్తది కొనేద్దాం అంటున్నారు.

బ్యాచిలర్_కూకట్‌పల్లి:
అక్కా, బండ అయిపోయిందేమో జర ఊపి చూడు.

కడప_కోడలు:
మిగతా రెండూ వెలుగుతున్నాయని రాసింది కదయ్యా, చదివి రాయి.

పద్మా, పిన్నీసు తీసుకుని కింద జెట్‌లో, అదే గ్యాస్ వచ్చే సన్న కన్నంలో, రెండు సార్లు పొడువు. అంతే. మా అమ్మ కాలం నుంచీ మా ఇంట్లో ఇదే వైద్యం.

సూరిబాబు_రాజమండ్రి:
అయ్య బాబోయ్, పిన్నీసు పెట్టకండమ్మా! మా నాన్నగారి నుంచీ మాది స్టవ్‌ల రిపేరేనండి, గోదావరికి రెండు ఒడ్డులా మా చెయ్యి పడని పొయ్యి తక్కువ. సగం చుట్టే వెలుగుతుందంటే మూత సరిగ్గా కూర్చోలేదు, లేకపోతే ఆ పక్క కన్నాల్లో పాలు గట్టిపడిపోయాయి. పక్క బర్నర్ అదే సైజయితే రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. రోగం బర్నర్‌తో పాటు వెళ్ళిందా, లోపం బర్నర్‌ది. అక్కడే ఉండిపోయిందా, కింద జెట్‌దో, జెట్ నుంచి బర్నర్‌కి గ్యాస్ వెళ్ళే గొట్టానిదో. దీనికి మెకానిక్ ఎందుకండీ, నాకే పని పోతుంది గానీ.

కడప_కోడలు:
పిన్నీసుకేం వచ్చిందండీ? పెట్టాం, మా పొయ్యి మండలా?

కాజీపేట_రిటైర్డు:
సూరిబాబు గారు చెప్పింది కరెక్ట్, కారణం నేను చెప్తా. లోకో షెడ్డులో పనిచేసినోణ్ని. జెట్ ఇత్తడిది, కన్నం మిల్లీమీటరు కన్నా సన్నం. పిన్నీసు ఉక్కు, పైగా మొన నుంచి లావైతూ పోతది. రెండు సార్లు పొడిస్తే కన్నం పెద్దగైతది. గ్యాస్ ఎక్కువ, గాలి తక్కువ, మంట పసుపుపచ్చగా లేస్తది, మసి పడతది. జెట్ విప్పి వెనక నుంచి ఊదాలె. లేకుంటే కరెంటు వైర్ల నుంచి ఒక్క రాగి పోగు తీసి మెల్లగ తిప్పాలె.

కడప_కోడలు:
ఇంజినీర్లకు పొయ్యి గురించి ఏం తెలుస్తాది సార్? రోజూ దాని ముందర నిలబడేది మేము.

కాజీపేట_రిటైర్డు:
ఒక్కటే అడుగుతా. మీ గిన్నెల అడుగు నల్లగైతదా, లేదా?

కడప_కోడలు:
అవుతాది. గిన్నెలన్నాక కాదా?

సూరిబాబు_రాజమండ్రి:
😀😀 ఇంక నేను మాట్లాడనండి.

డాలస్_సుబ్బు:
మాకు ఇక్కడ కడిగిన మర్నాడు వేరే గోల. నాబ్ ఆపేసినా టకటకటకమని ఆగదు. నాబ్ కింద స్విచ్చిలోకి నీళ్ళు పోతే అంతేనట. ఆరాక అదే సర్దుకుంది. పద్మగారూ, మీదీ తడేనేమో?

బ్యాచిలర్_కూకట్‌పల్లి:
అన్నా, మీది పైపుల వచ్చే గ్యాస్, అక్కది బండ. గది యాడ, గిది యాడ.

మారిన_ఇల్లు:
పైపు గ్యాస్ అంటే గుర్తొచ్చింది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో పైపు లైనుకి పెట్టిన స్టవ్‌నే కరీంనగర్ తెచ్చి బండకి తగిలించాం. మంట మూకుడు దాటి పైకి లేచింది! పైపు గ్యాస్‌కి ప్రెషరు తక్కువ, వేడీ తక్కువ, అందుకని జెట్ కన్నం పెద్దది పెడతారు. ఇల్లు మారేవాళ్ళు జెట్‌లు మార్పించుకోకుండా ముట్టించకండి. మెకానిక్ ముక్కుపిండి వసూలు చేశాడు, అది వేరే కథ.

హాబ్_బాధితుడు:
మీ పొయ్యిలు వెలగవు, నాది వెలిగి ఆరిపోతుంది. నాబ్ నొక్కిపట్టుకున్నంతసేపే మంట, వదిలితే ఫట్.

సూరిబాబు_రాజమండ్రి:
మాట్లాడననుకున్నాను గానీ… బర్నర్ పక్కన సన్నటి రాగి పుల్లలాంటిది ఉంటుంది చూడండి, థర్మోకపుల్. అది వేడెక్కితేనే గ్యాస్ వాల్వు తెరుచుకుని ఉంటుంది. మంట ఆరితే గ్యాస్ ఆగిపోవాలని పెట్టింది. దాని మొన మీద జిడ్డు పొడి గుడ్డతో తుడిచి, వెలిగించాక నాబ్ ఇంకాసేపు నొక్కి ఉంచండి. అప్పటికీ నిలవకపోతే అది మార్చడమే. తీసేసి తిన్నగా కలిపేస్తామనే మెకానిక్ ఎవడైనా వస్తే గుమ్మంలోంచే పంపేయండి.

వంటింటి_విశాలాక్షి:
ఇత్తడి బర్నర్లకి చింతపండు, ఉప్పు వేసి రుద్దండి, బంగారంలా మెరుస్తాయి. నాబ్ బిగుసుకుంటే రెండు చుక్కలు కొబ్బరినూనె.

కాజీపేట_రిటైర్డు:
చింతపండు సరే. కొబ్బరినూనె మాత్రం వద్దమ్మా. లోపల వాల్వుకు ప్రత్యేకమైన గ్రీజు ఉంటది. నూనె పోస్తే ఆ గ్రీజు కరిగి, నాబ్ దగ్గరే గ్యాస్ లీకైతది. నాబ్ బిగిస్తే రిపేరుకు ఇయ్యాలె, ఇంట్ల ముట్టొద్దు.

పప్పుచారు_పద్మ:
బాబూ, లైటర్‌తో వాడొచ్చా అని అడిగాను, ఒక్కరూ చెప్పలేదు!

నెల్లూరు_నర్సమ్మ:
నేను చెప్తా ఉండు తల్లీ. ఆ ‘భప్’ ఏందనుకున్నావు? గ్యాస్ ముందే పోగై ఒక్కసారి అంటుకునే చప్పుడు. లైటర్ బర్నర్ దగ్గర పెట్టుకున్నాకే నాబ్ తిప్పాల. అంటుకోలేదా, వెంటనే ఆపెయ్, కిటికీ తెరువు, వాసన పోయిందాకా ఆగు. బండ గ్యాస్ గాలికన్నా బరువు, పైకి పోదు, నేల మీదే ఉంటాది. ఆ వాసనలో ఫ్యాన్ స్విచ్చి, లైటు స్విచ్చి ఏదీ తాకబాక. ఆగకుండా వాసనొస్తా ఉంటే రెగ్యులేటర్ ఆపి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యి.

పప్పుచారు_పద్మ:
అమ్మయ్య, వెలిగింది! బర్నర్ మార్చి చూస్తే రోగం అక్కడే ఉండిపోయింది. కింద గొట్టంలో కడిగిన నీళ్ళు, పాల మీగడ ముక్క. బండ ఆపేసి, గొట్టం తుడిచి, అన్నీ బోర్లించి రాత్రంతా ఆరబెట్టాను. నిప్పురవ్వ కొట్టే పుల్ల కొన మీద కూడా పాలు మాడి ఉన్నాయి, తుడిస్తే ఆటోలోనే అంటుకుంటోంది. నీలం మంట, చుట్టూ సమానంగా. అత్తగారు మాత్రం కొత్త స్టవ్ మోడల్ ఎంచేసుకున్నారు.

సూరిబాబు_రాజమండ్రి:
గొట్టం అని మొదటే చెప్పానా లేదా!

కడప_కోడలు:
జెట్ అని నేను చెప్తిని, గొట్టం జెట్ పక్కనే కదా. నాదీ సగం కరెక్టే.

బ్యాచిలర్_కూకట్‌పల్లి:
మా రూంల ఆకుపచ్చ రబ్బరు పైపును ఎలుక కొరికింది. టేపు చుట్టొచ్చా?

కాజీపేట_రిటైర్డు:
తమ్మీ, ముందు రెగ్యులేటర్ బంద్ చెయ్! లోపల తీగ అల్లిక ఉండే నారింజ రంగు సురక్ష పైపు తెచ్చుకో. మీద తారీఖు చూసి 5 ఏళ్ళకోసారి మార్చు. టేపు చుట్టినవో, నీ అడ్రసు కనుక్కుని వస్తా.